బెల్లు ఎవరు కొట్టాలి?

నేటి యువత కళ్ళు మూసుకుని కూర్చుంటోందని వాపోయే పెద్దలందరినీ ఈ వారం గట్టిగా మందలించదలచుకున్నాను. అయ్యలారా, అమ్మలారా! లోకం ఈ మాత్రమైనా నిలబడి ఉందంటే అది కళ్ళు మూసుకున్నవారి చలవే. కళ్ళు తెరుచుకున్నవారు ఇన్నేళ్ళుగా ఏమి ఉద్ధరించారో ఒక్కరు చెప్పండి, వింటాను.

మా తరం కళ్ళు తెరుచుకునే బతికింది. పక్కింటివారి గోడ మన స్థలంలోకి జానెడు జరిగిందా? చూశాం, కోర్టుకెక్కాం. బస్సులో మన సీటులో మరొకరు కూర్చున్నారా? చూశాం, తగువు పెట్టుకున్నాం. ఆఫీసులో మన తరువాత చేరినవాడికి కిటికీ పక్క బల్ల ఇచ్చారా? చూశాం, రిటైరయ్యేదాకా మరిచిపోలేదు. సంపాదించినదేమిటి? రక్తపోటు, నిద్ర పట్టకపోవడం, బంధువులలో చెడ్డపేరు!

ఇప్పటి పిల్లలకు ఈ బాధ లేదు. వారు చూడరు, గమనిస్తారు. రెండూ ఒకటే కదా అనుకునే అమాయకులకు తేడా వివరిస్తాను. చూసినవాడు లేచి ఏదో ఒకటి చేయవలసి వస్తుంది. గమనించినవాడు కూర్చునే ఉండవచ్చు.

ఈ జ్ఞానం నాకు పుస్తకాలవల్ల అబ్బలేదు. కొన్ని నెలలుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒక బౌద్ధ ధ్యాన కేంద్రానికి వెళ్ళి, వెనక వరుసలో కుర్చీ వేసుకుని సంపాదించాను. అక్కడ కుషన్ల మీద కూర్చునేవారందరూ ముప్పై దాటని పిల్లలు. నా మోకాళ్ళు ఏనాడో ఎదురు తిరిగాయి కనుక నాకు మాత్రం కుర్చీ ఇచ్చారు. ఇచ్చినవారు నమస్కరించి మరీ ఇచ్చారు. అక్కడ నమస్కారం చేయకుండా ఏదీ ఇవ్వరు. కొన్నిసార్లు ఏమీ ఇవ్వకుండా నమస్కారం మాత్రమే చేస్తారు. ఆ సంగతికి తరువాత వస్తాను.

కేంద్రం ఒక టైర్ల దుకాణం పైన, మూడో అంతస్తులో ఉంది. ఒకప్పుడది డాన్స్ క్లాసు. ఒక గోడ పొడవునా ఇప్పటికీ నిలువుటద్దాలున్నాయి. ధ్యానం చేసేవారు తమను తాము చూసుకోకుండా వాటి మీద తెల్లటి పరదా వేశారు. ముందర చిన్న బుద్ధ విగ్రహం, పక్కన ఒక దీపం, నేల మీద వరుసగా కుషన్లు. గుమ్మం దగ్గర ఒక బుట్ట. లోపలికి వచ్చేవారు ఫోన్లను అందులో వదిలి రావాలి. హాలులో గడియారం లేదు. కాలం మనసు అల్లిన భ్రమ అని అక్కడివారి సిద్ధాంతం.

భ్రమే అయినా సరిగ్గా గంటకు ముగియాలి సుమండీ! లేకపోతే అందరికీ తరువాతి పనులు దెబ్బతింటాయి. అందుచేత ఆ భ్రమను వంటగదిలో గోడకు తగిలించి, దాని ముందు ఒక మనిషిని కూర్చోబెట్టారు. గంట కాగానే ఆ మనిషి చప్పుడు కాకుండా హాలులోకి వచ్చి కంచు బెల్లు మోగించాలి. అప్పుడు లోపలివారు కళ్ళు తెరిచి, కాలం లేని చోటు నుంచి సరైన సమయానికి తిరిగి వస్తారు.

ఆ మనిషి మా చెల్లెలి మనవరాలు. నా ఇంట్లోనే ఉంటుంది, నన్ను అమ్మమ్మా అని పిలుస్తుంది.

పిల్ల ఉద్యోగం ఒక వాషింగ్ మెషీన్ల కంపెనీలో, ఫిర్యాదుల ఫోన్ల దగ్గర. చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని పొద్దున్నుంచి సాయంత్రందాకా తిట్లు వింటుంది. బట్టలు చిరిగాయని ఒకరు, నీళ్ళు పోవడం లేదని ఒకరు, మెషీన్ నడుచుకుంటూ వరండాలోకి వచ్చేసిందని ఒకరు. అందరికీ ఒకే స్వరంతో, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీ సహనానికి ధన్యవాదాలు" అనాలి. అది ఎంతగా నాలుక మీద స్థిరపడిందంటే, కూరలో ఉప్పెక్కువైందని నేను అన్నా, "మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నాం అమ్మమ్మా" అంటుంది.

అటువంటి పిల్ల ఒక రోజు నా పక్కన కూలబడి, వారానికి ఒక్క గంట, ఒకే ఒక్క గంట, ఎవరి గొంతూ చెవిలో పడకుండా కూర్చోవాలని ఉందన్నది. పెద్ద కోరికా అది? నగలడిగిందా, విమానమెక్కించమన్నదా? ఎవరో స్నేహితురాలు ఈ కేంద్రం సంగతి చెప్పిందట. ఒంటరిగా వెళ్ళడానికి మొహమాటపడుతుంటే నేను తోడు వెళ్ళాను.

మొదటి ఆదివారం మమ్మల్ని గుమ్మంలోనే ఒక యువకుడు ఆదరించాడు. అక్కడి వ్యవహారాలన్నీ చక్కబెట్టేది అతడే. వృత్తి అపార్టుమెంట్లు అమ్మడం. ఎవరేమి చెప్పినా "నిదానం" అని జవాబిస్తాడు కనుక పిల్లలందరూ అతడిని నిదానం అన్నయ్య అంటారు. అతడు మా మనవరాలిని ఎంతో ప్రేమగా చూసి, ఈ ఒక్క వారం వంటగదిలో కెటిల్ చూసుకుంటూ బెల్లు కొట్టగలవా అని అడిగాడు. ధ్యానం తరువాత అందరూ టీ తాగుతారు. కొత్తవారు సేవతో మొదలుపెడితే అహంకారం త్వరగా కరుగుతుందట. సేవే అన్నిటికన్నా పెద్ద సాధనట.

అహంకారమా! రోజంతా వాషింగ్ మెషీన్ల పాపాలకు క్షమాపణ చెప్పే పిల్లకు అది ఎక్కడ మిగిలిందో నాకు తెలియలేదు. కానీ అతిథిని కదా, ఊరుకున్నాను.

పిల్ల ఆ పని బాగా చేసింది. అదే ఆమె చేసిన తప్పు. కెటిల్ కూత హాలుకు వినిపించకుండా సమయానికి ఆపింది. ఆలస్యంగా వచ్చినవారిని సైగలతో ఆపి కూర్చోబెట్టింది. పార్సిల్ తెచ్చినవాడు తలుపు తట్టబోతే ముందే ఎదురు వెళ్ళి అందుకుంది. కింద టైర్ల దుకాణం యజమాని తన షట్టరుకు అడ్డంగా ఎవరి కారో పెట్టారని కేకలు వేస్తే, మెట్లు దిగి వెళ్ళి, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని శాంతింపజేసింది. లోపల అందరికీ ఆ రోజు మనసు అద్భుతంగా కుదిరింది. కుదరదూ మరి!

ఆ ఒక్క వారం అయ్యాక రెండో ఒక్క వారం వచ్చింది. ఆ తరువాత మూడో ఒక్క వారం. నెల తిరిగేసరికి ఆమెకు "కెటిల్ చెల్లెమ్మ" అని ముద్దుపేరు కూడా పడింది. పేరు పెట్టాక ఇంక పని మారుతుందా?

నేను చదువుకున్నది క్రైస్తవ సిస్టర్లు నడిపే బడిలో, ఉన్నది వారి హాస్టల్లో. అక్కడా మౌనం పాటించే గంటలుండేవి. ఆ గంటలలోనూ అంట్లు పడేవి. ఎవరి వంతు వచ్చినప్పుడు వారు తోమాలి. వారందరికీ పెద్దయిన మదర్ సుపీరియర్ సైతం తన వంతు రోజున ఏప్రన్ కట్టుకుని, చేతులు మోచేతులదాకా మడుచుకుని, అడుగంటిన పాల గిన్నె ముందు నిలబడేవారు. ఎంత వెనుకబడిన కాలం! సేవ అంత గొప్పదని తెలిసి కూడా, ఆవిడ దానిని ఒక్కరికే దక్కనివ్వకుండా అందరికీ పంచిపెట్టారు. ధ్యాన కేంద్రంలోని పిల్లలు అలా కాదు. అంతటి మహత్తర సాధనను తమకు ఏమాత్రం మిగుల్చుకోకుండా, మొత్తం మా మనవరాలికే త్యాగం చేశారు.

ఇక వారి గులకరాయి గురించి చెప్పాలి. పాఠకులు శ్రద్ధగా వినండి. ఇంతటి సాధనం మరొకటి లేదు.

టీ అయ్యాక అందరూ గుండ్రంగా కూర్చుంటారు. దానిని షేరింగ్ అంటారు. ఒక నున్నటి గులకరాయి చేతులు మారుతూ తిరుగుతుంది. రాయి ఎవరి చేతిలో ఉంటే వారే మాట్లాడాలి. మిగిలినవారు జవాబు చెప్పకూడదు, సలహా ఇవ్వకూడదు, ప్రశ్నించకూడదు. చెప్పడం ముగిశాక రెండు చేతులూ జోడించి వంగి నమస్కరించాలి. అంతే. వలయంలో చెప్పిన మాటను బయట మళ్ళీ ఎత్తకూడదు. అది చెప్పినవారి మీద గౌరవం.

ఒక ఆదివారం రాయి మా మనవరాలి చేతికి వచ్చింది. పిల్ల గొంతు సవరించుకుని, తాను వచ్చిన దగ్గర్నుంచి ఇంతవరకు ఒక్కసారి కూడా హాలులో కూర్చోలేదని, వచ్చే వారం ఎవరైనా కెటిల్ చూసుకుంటే తానూ కూర్చుంటానని చెప్పింది.

అందరూ వంగి నమస్కరించారు.

అంత లోతుగా వంగడం నేను అంతకు ముందు చూడలేదు. వలయంలో పళ్ళ డాక్టరు ఒకామె ఉంది, ఆమె కళ్ళు చెమర్చాయి. చెప్పులు వేసుకునేటప్పుడు ఆమె మా పిల్లను కౌగిలించుకుని, ఎంత నిజాయితీగా మాట్లాడావో అని మెచ్చుకుంది. అంతలో నియమం గుర్తుకు వచ్చి, నోటికి చేయి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. మరుసటి వారం కెటిల్ దగ్గర ఎవరున్నారు? ఇంకెవరుంటారు!

పిల్ల ఈసారి మరికాస్త గట్టిగా చెప్పింది. వారు మరికాస్త కిందికి వంగారు. మూడోసారి, ఇది న్యాయం కాదని చెప్పింది. నిదానం అన్నయ్య నుదురు నేలకు తగిలింది.

పాఠకులారా, నేను ఆ క్షణంలో మైమరచిపోయాను. ఇంత కాలం ఈ గులకరాయి మన కార్యాలయాలకు ఎందుకు చేరలేదు? కుళాయిలో నీళ్ళు రావడం లేదని మునిసిపాలిటీకి వెళతారు. గుమాస్తా మీ చేతిలో రాయి పెడతాడు. మీరు చెప్పుకుంటారు. ఆఫీసంతా లేచి నిలబడి నమస్కరిస్తుంది. మీరు ఖాళీ బిందెతో, నిండు హృదయంతో ఇంటికి వస్తారు. కోర్టులలో వాయిదాలు ఉండవు, జడ్జిగారు వంగి నమస్కరిస్తే ఇరుపక్షాలూ ఇంటికి వెళ్ళవచ్చు. ఆసుపత్రిలో కడుపు నొప్పి అన్నవాడి ముందు సర్జన్లందరూ చేతులు జోడిస్తారు. ఇళ్ళలో ఎంత సుఖం! భార్య చెప్పినదంతా విని, బదులు పలకకుండా, తల వంచి, మళ్ళీ పేపరు చదువుకునే భర్తలు ఇంతకాలం అనవసరంగా మాటలు పడ్డారు. వారు అప్పటికే సాధనలో ఎంతో ముందున్నారని ఎవరికీ తెలియలేదు.

మా మనవరాలు ఉండబట్టలేక ఒక రోజు చెప్పుల స్టాండు దగ్గర నిదానం అన్నయ్యను నిలేసింది. అతడు నొచ్చుకున్నాడు. ఆ మాట వలయంలో చెప్పావు కదా, దాన్ని అక్కడే వదిలెయ్యాలి కదా అన్నాడు. వలయంలో చెబితే ఎవరూ పలకడం లేదని ఈమె. వలయంలో పలకకూడదు కదా అని అతడు. చివరికి ఎంతో కరుణతో ఒక చేయి గాలిలో ఎత్తి,

"చూడమ్మా, కూర్చోవాలనే ఆ కోరికనే గమనించు. అది ఎక్కడ పుడుతోంది?" అన్నాడు.

"వంటగదిలో పుడుతోంది అన్నయ్యా."

"నిదానం," అన్నాడు అన్నయ్య.

ఆ రోజు ఇంటికొచ్చాక పిల్ల హెడ్‌సెట్ లేకపోయినా ఉన్నట్టే చెవులు రెండూ చేతులతో మూసుకుని సోఫాలో కూర్చుంది. ఇంక అక్కడికి వెళ్ళనన్నది. మానేస్తే మంచిదే, నాకూ మెట్లెక్కే బాధ తప్పుతుంది. కానీ ఆ పిల్ల అడిగింది ఒక్క గంట. అదైనా దక్కకుండా ఓడిపోయి రావడం నాకు ససేమిరా నచ్చలేదు.

"నీకు కూర్చోవాలని ఉంటే కూర్చో," అన్నాను.

"బెల్లు ఎవరు కొడతారు అమ్మమ్మా?"

"లేవాలనుకున్నవాళ్ళు కొట్టుకుంటారు."

పిల్ల చెవుల మీద నుంచి చేతులు తీసి నా వైపు చాలాసేపు చూసింది. అది గమనించడం కాదు, చూడడమే. నాకు తేడా తెలుసు.

మరుసటి ఆదివారం మేము కాస్త ముందుగానే వెళ్ళాం. పిల్ల కెటిల్ నింపింది కానీ పొయ్యి వెలిగించలేదు. కప్పులు బీరువాలోనే ఉంచింది. వంటగది తలుపు దగ్గరగా వేసి, బుట్టలో తన ఫోను కూడా పెట్టి, మూలన ఉన్న కుషన్ తెచ్చుకుని చివరి వరుసలో నా కుర్చీకి కొంచెం ముందు కూర్చుంది. నిదానం అన్నయ్య ఆరంభపు బెల్లు కొట్టి, దానిని ఎప్పటిలాగే గుమ్మం పక్క స్టూలు మీద పెట్టి, నియమం ప్రకారం చూపు నేలకు దించి తన చోటుకు వెళ్ళాడు. అందరి కళ్ళూ అప్పటికే మూతపడ్డాయి. కనుక ఒక మనిషి ఎక్కువయిందని లోపల ఎవరికీ తెలియలేదు. ఒక మనిషి తక్కువయిందని వంటగదికి మాత్రమే తెలుసు.

ఆ స్టూలు నా కుర్చీ పక్కనే ఉంటుంది. చేయి చాపితే బెల్లు అందుతుంది. ఈ వివరం దయచేసి గుర్తుంచుకోండి.

హాలులో గడియారం లేకపోయినా కిటికీలోంచి పడే ఎండ ఉంటుంది. ఏ కుషన్ మీదికి వస్తే గంట పూర్తవుతుందో నాకు ఇన్ని వారాలలో కంఠతా వచ్చింది. ఎండ ఆ కుషన్ మీదికి వచ్చింది. కాసేపు ఆగింది. దాటి వెళ్ళిపోయింది.

ఎవరూ కదలలేదు. ఎందుకు కదలలేదంటారా? అక్కడ నేర్పే మొదటి పాఠం అదే. గంట అయిపోయిందని మనసు చెబుతుంది, నమ్మవద్దు. కాలు పోయేలా ఉందని మనసు చెబుతుంది, నమ్మవద్దు. లేవమని చెబుతుంది, అసలే నమ్మవద్దు. పాపం, అందరి మనసులూ ఆ రోజు నిజమే చెప్పాయి. అంత గొప్ప శిక్షణ పొందినవారు కనుక ఒక్కరూ నమ్మలేదు.

ఎండ పళ్ళ డాక్టరు మోకాలి మీదికి, అక్కడి నుంచి భుజం మీదికి, భుజం నుంచి ముక్కు మీదికి ఎక్కింది. ఆమె ముక్కు ఎగబీల్చింది. ముందు వరుసలో ఒక కడుపు గుర్రుమన్నది. రెండో వరుసలో మరొక కడుపు బదులిచ్చింది. ఆ హాలులో ఒకరు మాట్లాడితే మరొకరు జవాబు చెప్పడం నేను అప్పుడే విన్నాను. ఎవరో దగ్గారు. ఆ దగ్గు చివర స్పష్టంగా ఒక ప్రశ్న ఉంది.

తలుపు తట్టారు. పార్సిల్ అని ఒక గొంతు పిలిచింది. మళ్ళీ పిలిచింది. విసుక్కుని వెళ్ళిపోయింది. బుట్టలో ఒక ఫోను వణికింది, దానిని చూసి మరో నాలుగు వణికాయి. కింద వీధిలోంచి టైర్ల దుకాణం యజమాని, తెల్ల కారు ఎవరిదని అరిచాడు. హాలులో మారథాన్లు పరుగెత్తే అబ్బాయి ఒకడున్నాడు. అతడి కనుబొమలు నుదుటి మీద అటూ ఇటూ పరుగెత్తడం మొదలుపెట్టాయి. తెల్ల కారు ఎవరిదో నాకు తెలిసిపోయింది. మిగిలినవారికి తెలిసే వీలు లేదు, కళ్ళు మూసుకున్నారు.

ఇదంతా జరుగుతుండగా మా పిల్ల ఎలా ఉందనుకున్నారు? వీపు నిటారుగా, అరచేతులు ఒడిలో, భుజాలు వదులుగా ఉన్నాయి. రెండేళ్ళుగా ఆ భుజాలు చెవుల దగ్గరే ఉండడం నేను చూస్తున్నాను. హెడ్‌సెట్ పెట్టుకున్నవారికి అలా అవుతుంది. అవి దిగి వాటి చోటుకు వచ్చాయి. బయట ఇంత గోల జరుగుతున్నా దానికి సమాధానం చెప్పవలసింది తాను కాదని మొదటిసారి తెలిసినట్టుంది ఆ ముఖానికి.

చివరికి నిదానం అన్నయ్య ఒక కన్ను తెరిచాడు. గుమ్మం వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. రెండో కన్ను తెరిచి వరుసలన్నీ వెతికాడు. చివరి వరుసలో కెటిల్ చెల్లెమ్మ కనబడింది. అతడి ముఖంలో ఎన్ని రంగులు మారాయో పరదా కింద ఉన్న అద్దాలకు కనబడితే బాగుండేది. తరువాత నన్ను చూశాడు. నా పక్కనున్న బెల్లును చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. మౌనం పాటించే వేళ కనుక కళ్ళతోనే ఎంతో దీనంగా ఒక విన్నపం చేసుకున్నాడు.

నేను రెండు చేతులూ జోడించి, నా నడుము ఒప్పుకున్నంత మేరకు వంగి నమస్కరించాను.

అతడు లేవబోయాడు. కాళ్ళు ఎప్పుడో తిమ్మిరెక్కిపోయాయి. ముందుకు తూలి, రెండు చేతులూ నేల మీద ఆనించి, చంటిపిల్లవాడిలా పాకుతూ వరుసల మధ్య నుంచి వచ్చాడు. ఏనాడూ తొందరపడని మనిషి ఎంత వేగంగా పాకగలడో అప్పుడు తెలిసింది. స్టూలు పట్టుకుని పైకి లేచి బెల్లు కొట్టాడు. అది కొట్టిన తీరు ధ్యానం ముగిసినట్టుగా లేదు, బడి వదిలినట్టుగా ఉంది.

టీ లేదు కనుక నేరుగా షేరింగుకు కూర్చున్నారు. సగం మంది కాళ్ళు చాపి కూర్చున్నారు. రాయి తిరిగింది. ఒకరు కాలం కరిగిపోయిందన్నారు. మరొకరు శరీరం ఉందనే తెలియలేదన్నారు. కాలు పట్టేసినవారికి అది నిజమే కావచ్చు. పళ్ళ డాక్టరు, ఇది ముగియకుండా ఉంటే బాగుండుననిపించిందని చెప్పి, ఎర్రగా కాలిన ముక్కును మెల్లగా తడుముకుంది. ప్రతి మాటకూ అందరూ నమస్కరించారు. వంగి లేచే ప్రతిసారీ చిన్నగా మూలిగారు.

రాయి మా మనవరాలి చేతికి వచ్చింది.

"ఇవాళ నేను కూర్చున్నాను. బాగుంది," అన్నది. "కప్పులు బీరువాలో ఉన్నాయి, కెటిల్‌లో నీళ్ళున్నాయి. మీ సహనానికి ధన్యవాదాలు."

పళ్ళ డాక్టరు ఏదో అనబోయింది. పిల్ల చేతిలోని రాయిని కాస్త పైకెత్తి చూపించింది. నియమం నియమమే కదా! అందరూ వంగారు. ఈసారి ఎవరూ అంత లోతుగా వంగలేదు. పిల్ల రాయిని నాకు అందించి లేచి చెప్పులు వేసుకుంది. నేను మాట్లాడడానికి నోరు తెరిచేలోపే సగం మంది స్నానాలగది వైపు, మారథాన్ అబ్బాయి మెట్ల వైపు పరుగుతీశారు. రాయి తిరిగి తీసుకునేవారు లేక నా సంచిలోనే ఇంటికి వచ్చింది.

న్యాయం జరిగిపోయిందని నేను సంబరపడ్డాను. పాఠకులు కూడా సంబరపడి ఉంటారు. నిదానం!

తరువాతి ఆదివారం మేము వెళ్ళేసరికి మా మనవరాలి కోసం ముందు వరుసలో ఒక కుషన్ సిద్ధంగా ఉంది. నిదానం అన్నయ్య స్వయంగా చూపించి నమస్కరించాడు. పిల్ల వెళ్ళి కూర్చుంది, కళ్ళు మూసుకుంది. కేంద్రం మారిపోయిందని నేను కళ్ళజోడు తుడుచుకుంటున్నాను. అంతలో ఒక కొత్త అమ్మాయి గుమ్మంలో నిలబడింది. ఏదో బేకరీలో పని చేస్తుందట, మోచేతి దగ్గర ఇంకా కాస్త పిండి అంటుకుని ఉంది. చెప్పులు ఎక్కడ వదలాలో తెలియక చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూస్తోంది.

నిదానం అన్నయ్య ఆమెను ఎంతో ప్రేమగా చూశాడు.

"కొత్తగా వచ్చావా అమ్మా? ఈ ఒక్క వారం కాస్త కెటిల్..."

నేను అతడిని చూడలేదు. మా పిల్లను చూశాను. కుషన్ దొరికింది. మెత్తటిది, ముందు వరుసలోది. ఒక్క గంట చాలన్నది, ఇక జీవితాంతం ఎన్ని గంటలైనా కూర్చోవచ్చు. కళ్ళు మూసుకుని ఉంటే చాలు, వెనక ఏమి జరుగుతోందో తనకు తెలియదు. తెలియకపోవడం తప్పు కూడా కాదు. ఆ హాలులో అందరూ అలాగే కూర్చున్నారు, అందరూ మంచివాళ్ళే.

పిల్ల కళ్ళు తెరిచింది.

లేచి గుమ్మం దగ్గరకు వచ్చి, ఆ అమ్మాయి చేతిలో చెప్పులు తీసుకుని స్టాండులో పెట్టి, తన కుషన్ చూపించింది.

"నువ్వెళ్ళి అక్కడ కూర్చో. అన్నయ్యా, ఇవాళ కెటిల్ మీది. వచ్చే వారం నాది, ఆ పై వారం డాక్టరక్కది."

"నాదా?" అన్నాడు నిదానం అన్నయ్య. "అది కాదమ్మా, నేను ఇక్కడ..."

"ఎక్కడ పుడుతోందో గమనించండి అన్నయ్యా," అని, స్టూలు మీది బెల్లు తీసి తానే మోగించింది.

ఆరంభపు బెల్లు మోగిందంటే ఇంక ఎవరూ మాట్లాడకూడదు. అతడు తెరిచిన నోటిని అలాగే కాసేపు ఉంచి, మూసుకుని, వంటగదిలోకి వెళ్ళాడు. లోపల ఒక కప్పు పగిలిన చప్పుడు వినిపించింది. కాసేపటికి మరొకటి. కెటిల్ కూత వీధి చివరిదాకా వినిపించింది. టైర్ల దుకాణం యజమానికి ఏమని సమాధానం చెప్పాడో కానీ, ఆయన పైకే వచ్చేశాడు. మా మనవరాలు మూలనుంచి ఇంకొక కుషన్ తెచ్చుకుని, బేకరీ అమ్మాయి పక్కన కూర్చుంది. ఆ గంటలో ఎవరికీ మనసు పెద్దగా కుదరలేదని షేరింగులో అందరూ ఒప్పుకున్నారు. నిజం చెప్పడం బాగుందని కూడా అన్నారు. టీ నీళ్ళలా ఉంది. నేను రెండు కప్పులు తాగాను.

రాజ్యం వదిలేసి వెళ్ళిన బుద్ధుడు తన భిక్షాపాత్రను మాత్రం తానే మోసుకున్నాడని విన్నాను. మా సిస్టర్లకు బుద్ధుడు తెలియదు, వీరికి మా మదర్ సుపీరియర్ తెలియదు. కలిసి ఉంటే బుద్ధుడికీ మా మదర్‌కూ బాగా కుదిరేది.

కనుక నా సిద్ధాంతం సిద్ధాంతమే. యువత నిశ్చింతగా కళ్ళు మూసుకోవచ్చు. యువతే ఏమిటి, ఇంట్లో, ఆఫీసులో, సభలో, మీరందరూ మూసుకోండి. ఎంతో హాయిగా ఉంటుంది. మీ హాయి కోసం తలుపు దగ్గర నిలబడి, చప్పుళ్ళన్నీ తన చెవిలో వేసుకుని, గడియారం చూస్తున్నది ఎవరో అని మాత్రం కూర్చునే ముందు ఒకసారి వెనక్కి తిరగండి.

ఆ గులకరాయి నేనింకా తిరిగి ఇవ్వలేదు. వారు మరొకటి ఏరి తెచ్చుకున్నారట. ఇది నా బల్ల మీద, ఈ కాగితాలు ఎగిరిపోకుండా కూర్చుని ఉంది. ఇప్పుడు ఎడమ చేతిలోకి తీసుకున్నాను.

నియమం మీకు చెప్పాను కదా. రాయి నా చేతిలో ఉంది, జవాబు చెప్పకూడదు. నమస్కారాలు మాత్రం నాకు వద్దు. లేచి వంటగదిలోకి వెళ్ళి, అక్కడ ఎవరున్నారో చూసి రండి.